అమ్మకి యాభై దాటగానే నమిలే పళ్ళన్నీ పోయాయి. మన ఊళ్ళల్లో ఆడవాళ్ళకే ఎందుకిలా?

కొల్లిపర అమ్మాయి (విజయవాడ)

అందరికీ నమస్కారం. మా అమ్మకు యాభై రెండేళ్ళు. కొల్లిపర దగ్గర పల్లెటూరు మాది. అమ్మకు ముందు పళ్ళు తప్ప దవడ పళ్ళు దాదాపు ఏమీ మిగల్లేదు. పుచ్చిపోయి కాదు. ఒక్కొక్కటే కదలడం, కొన్నాళ్ళకు దానంతటదే ఊడిపోవడం, లేదంటే పీకించుకోవడం. అడిగితే "ముగ్గుర్ని కన్నాను, వయసు మీద పడింది, ఉంటాయా మరి" అంటుంది. నాన్న అమ్మకంటే ఆరేళ్ళు పెద్ద. ఆయన ఇంకా చెరుకుగడ కొరుకుతారు. ఊళ్ళో మా మేనత్త, పిన్ని, ఎదురింటి పెద్దమ్మ, అందరి నోళ్ళూ అమ్మ నోరులాగే ఉన్నాయి.

మొన్న టౌన్లో ఒక క్లినిక్‌కి తీసుకెళ్తే, చూసీ చూడగానే మిగిలినవి కూడా తీసేసి మొత్తం కట్టుడు పళ్ళ సెట్టు పెట్టేద్దామన్నారు. ముందు పళ్ళు గట్టిగానే ఉన్నాయి కదా, ఎందుకు తీయాలి? అసలు ఇదంతా నిజంగా వయసు వల్ల, కాన్పుల వల్ల జరిగేదేనా? తెలిసినవాళ్ళు చెప్పండి. నాకు చాలా టెన్షన్‌గా ఉంది.

శ్రీను పెదనందిపాడు

మా అమ్మా అంతేనండి. మా వైపు కాన్పుకో పన్ను పోతుందని పెద్దవాళ్ళు అంటారు. అమ్మకు నలుగురం. క్లీనింగ్ చేయిద్దామంటే, అది చేయిస్తే ఉన్నవి కూడా కదులుతాయని ఒప్పుకోవడం లేదు. డాక్టర్లు ఎవరైనా ఉంటే దీని మీద కూడా చెప్పండి.

దంతవైద్యురాలు గుంటూరు

కొల్లిపర అమ్మాయి గారూ, వయసు వల్ల పళ్ళు ఊడవు. కాన్పుల వల్ల కూడా ఊడవు. కడుపులో బిడ్డ ఎముకలకు కావలసిన కాల్షియం తల్లి తినే తిండి నుంచి వెళ్తుంది, అది చాలకపోతే ఆమె ఎముకల నుంచి వెళ్తుంది. పంట్లో గట్టిపడిన కాల్షియం కరిగి రక్తంలోకి రాదు. మరి ఇంతమంది తల్లులు కాన్పుల తర్వాత పళ్ళు కదిలాయని చెప్పేది అబద్ధమా అంటే, కాదు. కడుపుతో ఉన్నప్పుడు హార్మోన్ల వల్ల కొద్దిపాటి పాచికే చిగుళ్ళు ఎర్రగా ఉబ్బి రక్తం కారతాయి. అప్పటికే గార పట్టి ఉన్న నోరైతే ఆ నెలల్లో జబ్బు ముదురుతుంది. కాన్పు తర్వాత పసిబిడ్డ పనిలో తల్లి తన నోటి సంగతి చూసుకోదు. మళ్ళీ ఇంకో కాన్పు. నాలుగోసారికి పన్ను కదిలితే నింద బిడ్డ మీద పడుతుంది.

మీ అమ్మగారిది మీరు చెప్పినదాన్ని బట్టి చిగుళ్ళ జబ్బులాగే ఉంది. తిన్న కొన్ని గంటలకే పంటి మీద మెత్తటి పాచి చేరుతుంది. బాగా తోమితే పోతుంది. వదిలేస్తే ఉమ్మిలో ఉన్న కాల్షియం పట్టి, కొన్ని రోజుల్లోనే గారగా గట్టిపడుతుంది. ఆ తర్వాత దాన్ని ఏ బ్రష్షూ, ఏ పొడీ కదిలించలేవు. గార అంచున చిగురు పంటిని వదిలేసి సంచిలా జారుతుంది, లోపల ఎముక కరగడం మొదలవుతుంది. ఏటి ఒడ్డున చెట్టుకు వేళ్ళ కింద మట్టి కోసుకుపోయినట్టు జరుగుతుందన్నమాట. పైన పన్ను చెక్కుచెదరకుండా కనిపిస్తుంది, కింద పట్టు ఉండదు. ఇంత జరుగుతున్నా చాలామందికి నొప్పే ఉండదు. నొప్పి లేదు కాబట్టి ఎవరూ రారు. తోముకునేటప్పుడు ఉమ్మిలో రక్తం కనపడ్డప్పుడు రావలసిన మనిషి, పన్ను నాలుకతో తోస్తే ఊగుతున్నప్పుడు వస్తుంది. కరిగిన ఎముకను తిరిగి తేలేం. కానీ వైద్యం చేయించుకుంటే కరగడాన్ని చాలావరకు ఆపొచ్చు, అది మాత్రం మీరంతా గుర్తుంచుకోండి.

శ్రీను గారూ, క్లీనింగ్ వల్ల పళ్ళు కదలవు. ఏళ్ళ తరబడి పళ్ళ సందుల్ని గార పూడ్చేసి, కదిలే పళ్ళను ఒకదానికొకటి అతికించినట్టు పట్టుకుని ఉంటుంది. అది తీసేసరికి సందులు కనిపిస్తాయి, ఉన్న కదలిక బయటపడుతుంది. ఉబ్బిన చిగురు వాపు తగ్గి కిందికి దిగుతుంది. కొన్నాళ్ళు చల్లనీళ్ళు తాగితే జివ్వుమంటుంది. అమ్మగారికి ఇదంతా ముందే చెప్పి తీసుకెళ్ళండి. చెప్పకుండా చేయిస్తే "నేనన్నానా" అంటారు.

ఇక అన్నీ పీకే సంగతి. మిమ్మల్ని చూసిన డాక్టర్ ఏం చూసి అన్నారో నాకు తెలియదు కాబట్టి ఆయన్ని తప్పు పట్టను. కానీ ఎక్స్‌రే తీయకుండా, ఒక్కో పంటికీ ఎముక ఎంత ఉందో కొలవకుండా ఆ నిర్ణయం తీసుకోకూడదు. నోట్లో కనీసం 20 సొంత పళ్ళుంటే మామూలు తిండి నమలడానికి సరిపోతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. అన్ని లేకపోయినా, గట్టిగా నిలబడ్డ కొద్ది పళ్ళు కూడా తీసి పెట్టుకునే సెట్టుకు ఆసరా అవుతాయి. ఒక్క పన్నూ లేని కింది దవడ మీద సెట్టు నిలబెట్టడం మాకూ కష్టం, పెట్టుకునేవాళ్ళకూ కష్టం. రెండో డాక్టర్‌కి చూపించండి. దానికంటే ముందు షుగర్ పరీక్ష చేయించండి, పరగడుపునా, తిన్నాకా.

సత్తెనపల్లి రైతు

డాక్టరమ్మ గారి మీద గౌరవంతోనే ఒక మాట అడుగుతున్నాను. మా నాయనమ్మ జీవితంలో బ్రష్షు ముట్టుకోలేదు. వేపపుల్ల, కానుగ పుల్ల, ఏదీ లేనప్పుడు కచ్చిక బూడిద, ఉప్పు. ఎనభై ఏళ్ళకు కూడా వేయించిన శనగలు నమిలేది. ఈ పేస్టులు వచ్చాకే పళ్ళ డాక్టర్లు పెరిగారు. దీనికేమంటారు?

దంతవైద్యురాలు గుంటూరు

మీ నాయనమ్మ గారి సంగతి నేను నమ్ముతాను. అలాంటివాళ్ళను నేనూ చూశాను. వేపపుల్లను నేను ఎప్పుడూ వద్దనను. కొస బాగా నమిలి కుంచెలా మెత్తగా చేసి, చిగురు మీంచి పంటి కొస వైపుకు నెమ్మదిగా లాగితే మంచిదే. కాకపోతే లోపలి వైపుకీ, వెనక దవడ పళ్ళకీ పుల్ల సరిగా అందదు. గార ఎక్కువ పట్టేది కింది ముందు పళ్ళ లోపలి వైపు, పై దవడ పళ్ళ బుగ్గ వైపు. నా దగ్గరికొచ్చే పెద్దవాళ్ళ నోళ్ళల్లో బయట పళ్ళు తెల్లగా మెరుస్తుంటాయి, లోపల చూస్తే గార కట్టలు కట్టి ఉంటుంది.

బూడిద, బొగ్గు, ఇటుకపొడి, ముతక పళ్ళపొడి మాత్రం వద్దు. వేలితో వేసి అడ్డంగా రుద్దీ రుద్దీ చిగురు దగ్గర పంటికి గాడి పడుతుంది. పంటి మీద గట్టి పై పొర, ఎనామిల్, ఒకసారి అరిగితే మళ్ళీ పుట్టదు.

ఇంకో సంగతి. నాయనమ్మ గారు జొన్నన్నం, సద్దన్నం తిన్నారు. పంచదార ఎప్పుడో పండక్కి. ఇప్పుడు అదే పొలంలో పనిచేసే ఆడమనిషి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నాలుగైదుసార్లు తీపి టీ తాగుతుంది, మధ్యలో బిస్కెట్లు. తిన్న తీపి ఎంత అన్నదానికంటే రోజులో ఎన్నిసార్లు తిన్నామన్నదే పళ్ళకు ఎక్కువ చేటు. ఆ తిండికి పుల్ల ఒక్కటే సరిపోదు. ఫ్లోరైడ్ ఉన్న మామూలు పేస్టు, మెత్తటి బ్రష్షు చాలు. ఖరీదైనవి అక్కర్లేదు. మూణ్ణెల్లకోసారి బ్రష్షు మార్చండి. ఒక బ్రష్షు ఇద్దరు వాడొద్దు. ఇది చెప్పాల్సి రావడం బాధగానే ఉంది, కానీ వాడుతున్నారు.

సత్తెనపల్లి రైతు

చెప్పిన తీరు బాగుందమ్మా. తీపి టీ మాట నిజం. మా కూలీలకు మేమే పంపిస్తాం.

ఆశా అక్క (ప్రత్తిపాడు వైపు)

నేను ఆశా కార్యకర్తను. డాక్టర్ గారు జబ్బు సంగతి చెప్పారు. ఆడవాళ్ళు ఎందుకు రారో నేను చెబుతాను, ఎందుకంటే ఇల్లిల్లూ తిరిగేది నేను.

మా ఊళ్ళో ఆడమనిషికి పన్ను నొప్పి వస్తే మొదట లవంగం. తగ్గకపోతే పొగాకు ముక్క దవడలో పెట్టుకోవడం. అదీ కాకపోతే ఆర్ఎంపీ దగ్గర బిళ్ళలు. మూడు రోజుల్లో నొప్పి పోతుంది. నొప్పి పోయాక పళ్ళ డాక్టర్ దగ్గరికి టౌన్‌కి వెళ్ళాలంటే ఒక రోజు కూలి పోవాలి, ఆటో ఖర్చు, ఇంట్లో వంట, గేదె పాలు తీసేవాళ్ళు ఉండరు. మిర్చి కోతల రోజులైతే అడగనే అక్కర్లేదు. డాక్టర్ రూట్ కెనాల్ అంటే రెండు మూడుసార్లు రావాలి, దాని మీద క్యాప్ వేయించుకోవాలి, ఆ డబ్బు కూలి మనిషికి ఎన్నో రోజుల రెక్కల కష్టం. పీకడం ఒక్కసారితో అయిపోతుంది. అందుకని "పీకేయండి సారూ" అని వాళ్ళే అడుగుతారు. పీకించుకున్న చోట పన్ను పెట్టించుకోరు. పక్క పన్ను ఆ ఖాళీలోకి ఒరుగుతుంది, పైది కిందికి దిగుతుంది. ఇంకో రెండేళ్ళకు అది కూడా పోతుంది.

అదే ఇంట్లో మొగుడికి నొప్పొస్తే బండి మీద ఆ సాయంత్రమే వెళ్ళొస్తాడు. అతన్ని ఎవరూ తప్పు పట్టక్కర్లేదు, వెళ్ళాల్సిందే. కానీ ఆమెను ఎవరు తీసుకెళ్తారు? ఆమెకు బండి రాదు. తన పంటి కోసం డబ్బు అడగడానికి ఆమెకు నోరు రాదు. కూతురి ఫీజు, అత్తగారి బీపీ బిళ్ళలు, ఎరువు బస్తా, అన్నీ అయ్యాక మిగిలితే తన పన్ను. మిగలదు.

ముప్పై దాటినవాళ్ళందరికీ మేం ఇంటింటికీ వెళ్ళి ఫారం నింపుతాం. బీపీ, షుగర్‌తో పాటు నోట్లో మానని పుండు ఉందా, నోరు పూర్తిగా తెరవగలుగుతున్నారా, పొగాకు నములుతారా అని అందులో అడుగుతాం. మీ ఇంటికి వచ్చినప్పుడు "ఏం లేదు" అని పంపించేయకండి. నోరు తెరిచి చూపించండి. మాకు చిగుళ్ళ వైద్యం రాదు, కానీ ఎవరిని ఎక్కడికి పంపాలో తెలుసు.

దంతవైద్యురాలు గుంటూరు

ఆశా అక్క గారు చెప్పినదానికి నేను కలిపేది ఒక్కటే. ముందు పన్ను విరిగి వచ్చిన ఆడవాళ్ళు చాలామంది బాత్రూమ్‌లో జారిపడ్డానంటారు. కొందరి విషయంలో అది నిజం. పెదవి లోపల గాయం, చెంప మీద వేళ్ళ గుర్తులు ఉన్నప్పుడు నేను తోడొచ్చినవాళ్ళను బయట కూర్చోమని ఆమెతో ఒంటరిగా మాట్లాడతాను. 181 మహిళా హెల్ప్‌లైన్ ఉంది, ఎప్పుడైనా చేయొచ్చు. ఇక్కడ చదివేవాళ్ళలో ఎవరికైనా అవసరం ఉంటే ఆ నంబర్ గుర్తుపెట్టుకోండి.

చిలకలూరిపేట లక్ష్మి

పొగాకు సంగతి వచ్చింది కాబట్టి రాస్తున్నాను. మా అమ్మ పొగాకు గ్రేడింగ్ పనికి వెళ్ళేది. గుంటూరు చుట్టుపక్కల పొగాకు కంపెనీల్లో ఆకు విడదీసే పని అంతా ఆడవాళ్ళదే. పొగాకు బోర్డు కూడా 1976 నుంచి గుంటూరులోనే ఉంది కదా. ఈ ప్రాంతంలో పొగాకు ఇంట్లో వస్తువులాంటిది, దాన్ని చూసి ఎవరూ భయపడరు. అమ్మతో పనిచేసిన వాళ్ళల్లో చాలామంది కాడ ముక్క బుగ్గన పెట్టుకుని పని చేసేవాళ్ళు. ఆకలి తెలియదు, నిద్ర రాదు అనేవాళ్ళు. కొందరు ముక్కుపొడితోనే పళ్ళు తోమేవాళ్ళు. అలా తోమితే రక్తం రాదు, చిగుళ్ళు గట్టిపడతాయి అని అమ్మ నమ్మకం. ఇప్పుడు అమ్మకు అరవై, నోట్లో ఆరు పళ్ళున్నాయి. చిగుళ్ళు గట్టిపడితే పళ్ళెందుకు పోయాయి డాక్టర్ గారూ?

దంతవైద్యురాలు గుంటూరు

లక్ష్మి గారూ, మంచి ప్రశ్న అడిగారు. పొగాకు రక్తనాళాలను కుంచింపజేస్తుంది. అందుకే చిగురు జబ్బుతో ఉన్నా రక్తం కారడం తగ్గుతుంది. జబ్బు ఉందని చెప్పే ఒక్క గుర్తూ కనపడకుండా పోతుంది, లోపల ఎముక మాత్రం మామూలు కంటే వేగంగా కరుగుతుంది. పొగాకు మానేసినవాళ్ళకు కొత్తగా చిగుళ్ళ నుంచి రక్తం రావడం చూసి, మానడమే తప్పైందని మళ్ళీ మొదలుపెడతారు. చిగురుకు రక్తం తిరిగి అందుతోందని దాని అర్థం. అప్పుడు క్లీనింగ్‌కి రావాలి. పేస్టుల్లో, పళ్ళపొడుల్లో పొగాకు కలపడాన్ని మన దేశం 1992లోనే నిషేధించింది. అయినా ముక్కుపొడిని విడిగా కొని తోముకునేవాళ్ళను ఏ చట్టం ఆపగలదు? ఇంట్లోవాళ్ళు చెప్పాలి.

వక్క గురించి కూడా. ఉత్త వక్క పొగాకు కాదు కదా అనుకుంటారు. రోజూ నమిలేవాళ్ళకు బుగ్గల లోపలి పొర బిరుసెక్కి, నోరు తెరుచుకోవడం క్రమంగా తగ్గిపోతుంది. దానికి మొదటి గుర్తు మన గుంటూరు వాళ్ళకు ఇట్టే తెలుస్తుంది: ఎప్పుడూ తినే గోంగూర పచ్చడి, కారప్పొడి ఉన్నట్టుండి నోట్లో భగ్గున మండటం. "కారం పడటం లేదు, వయసైంది" అని కూర చప్పగా చేసుకుని ఊరుకోవద్దు. మూడు వేళ్ళు నిలువుగా నోట్లో పట్టకపోతే వెంటనే చూపించండి.

పలాస అబ్బాయి (ఉద్యోగం విజయవాడలో)

మా శ్రీకాకుళం వైపు ఇంకో అలవాటు ఉంది. పెద్ద వయసు ఆడవాళ్ళు చుట్టను వెలిగించిన కొస నోట్లో పెట్టుకుని కాలుస్తారు. అడ్డపొగ అంటాం. మా అమ్మమ్మ పని చేసుకుంటూనే కాల్చేది, బయటికి నిప్పు కనపడదు. అంగిలి మీద తెల్లగా మచ్చలు పడ్డాయి. నొప్పి లేదని ఎవరికీ చూపించలేదు. తర్వాత కేన్సర్ అని తేలింది. మీ గుంటూరు వైపు ఇది తక్కువే గానీ, పనికోసం అక్కడి నుంచి వచ్చి విజయవాడ చుట్టూ ఉంటున్న కుటుంబాలు చాలా ఉన్నాయి. వాళ్ళల్లో ముసలివాళ్ళ నోళ్ళు ఒకసారి టార్చి వేసి చూడండి. దయచేసి.

దంతవైద్యురాలు గుంటూరు

తమ్ముడూ, మీ అమ్మమ్మ గారి సంగతికి చాలా బాధగా ఉంది. అందరూ గుర్తుపెట్టుకోవాల్సింది: నోట్లో ఏ పుండైనా రెండు వారాల్లో మానకపోయినా, రుద్దినా పోని తెల్ల మచ్చో ఎర్ర మచ్చో కనిపించినా, ఏ కారణం లేకుండా ఒక్క పన్నే ఊగుతున్నా, నొప్పి లేకపోయినా సరే, చూపించాలి.

వినుకొండ టీచర్

మా వైపు సంగతి వేరు. పల్నాడులో చాలా ఊళ్ళల్లో బోరు నీళ్ళల్లో ఫ్లోరైడ్ ఎక్కువ. మన దేశంలో ఫ్లోరోసిస్‌ని, అంటే ఎక్కువ ఫ్లోరైడ్ వల్ల పళ్ళకు, ఎముకలకు వచ్చే జబ్బుని, మొదటిసారి గుర్తించింది కూడా ఇక్కడికి దగ్గర్లోనే, 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. లీటరు నీళ్ళలో 1.5 మిల్లీగ్రాములకు మించి ఉండకూడదంటారు. మా బడిలో ఆడపిల్లలు ఫోటో తీస్తుంటే నోరు తెరవరు. చున్నీ అడ్డం పెట్టుకుంటారు. పెళ్ళిచూపుల్లో పళ్ళ రంగు మీద మాట వస్తుందని తల్లులు ఇటుకపొడి, నిమ్మచెక్క ఇచ్చి రుద్దిస్తారు. ఆ మరకలు పన్ను తయారయ్యేటప్పుడే లోపల పడ్డవి, రుద్దితే పోవు. పంటి పై పొర తయారయ్యే వయసులో, అంటే ఎనిమిదేళ్ళ లోపు, తాగిన నీళ్ళ వల్ల వచ్చేవి అవి. తల్లులు చేయగలిగింది చిన్న పిల్లలకు మంచినీళ్ళు పట్టడం, పేస్టు బఠాణీ గింజంత వేసి మింగకుండా ఉమ్మించడం. పెద్దయ్యాక మరక మీద పూత వేసి కనపడకుండా చేసే వైద్యం ఉంది. రుద్దీ రుద్దీ పన్ను అరిగిపోయాక వెళ్తే ఆ వైద్యం కూడా కష్టమవుతుందట. ఆడపిల్ల నవ్వు గురించి మాట అనే పెళ్ళివారిని ఏమనాలో నాకు తెలియదు.

కొల్లిపర అమ్మాయి (విజయవాడ)

అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. అమ్మను మళ్ళీ తీసుకెళ్ళాను, ఈసారి వేరే చోటికి. షుగర్ పరీక్షలో ఎక్కువే వచ్చింది. ఇన్నాళ్ళూ ఆమెకు షుగర్ ఉందని మా ఇంట్లో ఎవరికీ తెలియదు. చిగుళ్ళ జబ్బు షుగర్‌ని పెంచుతుందనీ, షుగర్ చిగుళ్ళను పాడుచేస్తుందనీ, రెంటికీ కలిపి వైద్యం చేయాలనీ చెప్పారు. ఎక్స్‌రే చూసి, ముందు పళ్ళు చాలావరకు ఉంచొచ్చన్నారు. గార తీయించాం. అమ్మ మొదట్లో భయపడింది గానీ, నోరు తేలిగ్గా ఉందంటోంది.

ఇప్పుడు తీసి పెట్టుకునే పళ్ళు కట్టించాలి. అమ్మకు దాని మీద నమ్మకం లేదు. మా పిన్ని సెట్టు కట్టించుకుని బీరువాలో పెట్టేసింది, నమలడం రావడం లేదని. అమ్మ ఇప్పుడు తినేది మెత్తటి అన్నం, పప్పుచారు, మజ్జిగ. ఆకుకూర కాడలు, చిక్కుడుకాయ, వేరుశనగలు, మాంసం మానేసింది. షుగర్ ఉన్న మనిషి అన్నం తప్ప ఏమీ తినలేకపోతే ఎలా? సెట్టు వాడుతున్న పెద్దవాళ్ళు ఎవరైనా ఉంటే అనుభవం చెప్పండి.

బెజవాడ మామ్మ

అమ్మాయ్, నేను చెబుతాను. నాకు డెబ్బై ఒకటి. పైన మొత్తం సెట్టు, కింద ఆరు సొంత పళ్ళకు ఆనుకుని తీసి పెట్టుకునేది. నా మనవరాలు టైప్ చేస్తోంది.

మీ పిన్ని చేసిన పనే మొదట్లో అందరూ చేస్తారు. పెట్టుకున్న రోజే పెసరట్టు తిందామని కూర్చుంటే ఏడుపొస్తుంది. నోరంతా ఉమ్మి, మాట తడబడుతుంది, నోట్లో పరాయి వస్తువు ఉన్నట్టే ఉంటుంది. కొన్ని వారాలు ఓపిక పట్టాలి. ఇడ్లీ, ఉడికించిన గుడ్డు, బాగా ఉడికిన కూరముక్క లాంటివి చిన్న చిన్న ముక్కలు చేసి, రెండు దవడల మీదా ఒకేసారి నమలాలి. ఒక పక్కనే నమిలితే సెట్టు లేచి వస్తుంది. పేపరు పైకి చదువు, మాట సర్దుకుంటుంది.

ఎక్కడైనా ఒరుసుకుని పుండు పడితే ఇంట్లో ఆకురాయితో అరగదీయకూడదు. కట్టిన డాక్టర్ దగ్గరికే వెళ్ళి సరిచేయించుకోవాలి. అది వాళ్ళ పనే, మొహమాటం వద్దు. వెళ్ళేముందు రోజు పెట్టుకుని వెళ్తే ఎక్కడ ఒరుస్తోందో వాళ్ళకు కనిపిస్తుంది. విరిగితే గమ్ పెట్టి అతికించొద్దు.

రాత్రి తీసేయాలి. చిగుళ్ళకు ఊపిరాడాలి. మెత్తటి బ్రష్షు, మామూలు సబ్బుతో కడిగి చల్లటి నీళ్ళ గిన్నెలో వెయ్యి. వేడినీళ్ళల్లో వేస్తే వంకరపోతుంది. పేస్టుతో రుద్దితే గీతలు పడతాయి. పళ్ళు లేని చిగుళ్ళను కూడా తడిబట్టతో తుడుచుకోవాలి, నాలుక కూడా.

పీకించుకున్నాక మొదటి ఏడాది దవడ ఎముక బాగా అరుగుతుంది. అందుకే కొత్తలో కట్టించిన సెట్టు కొన్నాళ్ళకు వదులవుతుంది. అది సెట్టు తప్పు కాదు. లోపల పూత వేయించి బిగువు చేయించుకోవచ్చు. మీ పిన్నిది కూడా అదే అయి ఉంటుంది, బీరువాలోంచి తీసి డాక్టర్‌కి చూపించమను.

నేను ఇప్పుడు చిక్కుడుకాయ కూర తింటాను, మటన్ కూడా బాగా ఉడికితే తింటాను. చెరుకు తినలేను. పోనీలే.

శ్రీను పెదనందిపాడు

మామ్మగారూ, మీకు పాదాభివందనం. ఒక చిన్న హెచ్చరిక అందరికీ. బస్టాండ్ల దగ్గర, సంతల్లో పెట్టె పెట్టుకుని కూర్చుని పళ్ళు కట్టేవాళ్ళ దగ్గరికి మా అమ్మ స్నేహితురాలు వెళ్ళింది. అరగంటలో కట్టేశారు. తీసి పెట్టుకునేది కాదు, చిగురు మీదే ఏదో ముద్ద వేసి పక్క పళ్ళకు తీగ బిగించారు. దాని కింద కూడు ఇరుక్కుని, చీము పట్టి, మంచిగా ఉన్న రెండు పక్క పళ్ళు కూడా పోయాయి. తక్కువకు వస్తుందని వెళ్ళొద్దు.

మంగళగిరి కోడలు

నాకిప్పుడు ఐదో నెల. తోముకుంటే రక్తం వస్తోంది. ఇప్పుడు పళ్ళ డాక్టర్ దగ్గరికి వెళ్ళకూడదని మా అత్తగారు అంటున్నారు. బాలింతప్పుడు కూడా పళ్ళు గట్టిగా తోమనివ్వరంట మా ఇంట్లో. ఏం చేయను?

దంతవైద్యురాలు గుంటూరు

వెళ్ళు తల్లీ. నాలుగు నుంచి ఆరో నెల దాకా క్లీనింగ్‌కి, అవసరమైన వైద్యానికి అన్నిటికంటే అనువైన కాలం. నువ్వు ఐదో నెలలో ఉన్నావు. కడుపుతో ఉన్నానని ముందే చెప్పు, నీ కాన్పు డాక్టర్‌కి కూడా తెలియజేయి. నొప్పి మందులు సొంతంగా వేసుకోవద్దు. వాంతులు అయితే వెంటనే తోమకు, కడుపులోని పులుపుకు ఎనామిల్ మెత్తబడి ఉంటుంది. గ్లాసు నీళ్ళల్లో చిటికెడు వంటసోడా కలిపి పుక్కిలించి, అరగంట ఆగి తోముకో. ప్రతి నెలా 9వ తారీఖున ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు పరీక్షలు చేస్తారు కదా, ఆ రోజు చిగుళ్ళ సంగతి కూడా అడుగు. అత్తగారిని వెంట తీసుకెళ్ళు. ఆవిడ నోరు కూడా చూపించినట్టవుతుంది.

బాలింతకు బ్రష్షు మాన్పించడంలో ఏ లాభమూ లేదు. చల్లనీళ్ళు పనికిరావంటే గోరువెచ్చటి నీళ్ళతో తోముకో, మానకు.

డ్వాక్రా లీడర్ కంకిపాడు

ఇదంతా మా గ్రూపు మీటింగులో చదివి వినిపించాను. కొల్లిపర చెల్లెమ్మ చెప్పిన అమ్మ లాంటివాళ్ళు మా పది మందిలోనే ఆరుగురున్నారు. మేం ఒక పని చేశాం. విడివిడిగా ఎవరూ వెళ్ళరు, మొగుడు తీరిక చేసుకుని తీసుకెళ్ళాలని చూస్తే ఆ రోజు రాదు. అందుకని అందరం కలిసి ఒక ఆటో మాట్లాడుకుని విజయవాడ గుణదలలో ఉన్న ప్రభుత్వ దంత వైద్య కళాశాలకు వెళ్ళాం. చుట్టూ తెలిసిన మొహాలే ఉంటే సూది అన్నా భయం వేయలేదు. అక్కడ చదువుకునే పిల్లలు పెద్ద డాక్టర్ల పర్యవేక్షణలో చూస్తారు. టైం పడుతుంది, రెండు మూడుసార్లు పిలుస్తారు, ఓపికగా చూస్తారు. గుంటూరు వైపు వాళ్ళకు పెద్దాసుపత్రిలో పళ్ళ విభాగం ఉంది. తక్కెళ్ళపాడులో ప్రైవేటు డెంటల్ కాలేజీ ఉంది.

పళ్ళు కట్టించుకోవడానికి గ్రూపు పొదుపులోంచి అప్పు ఇవ్వాలని తీర్మానం రాశాం. గేదెకు ఇస్తున్నాం, మెషీన్‌కు ఇస్తున్నాం, ఆడమనిషి కూడు నమలడానికి ఎందుకివ్వకూడదని ఒకావిడ అడిగితే ఎవరూ కాదనలేదు.

చిలకలూరిపేట లక్ష్మి

అక్కా, వెళ్ళేటప్పుడు ఏమేం తీసుకెళ్ళాలి? అమ్మ బీపీకి, గుండెకు బిళ్ళలు వాడుతోంది. పన్ను పీకాలంటే అవి రెండు రోజులు ఆపాలని ఎవరో చెప్పారు.

దంతవైద్యురాలు గుంటూరు

లక్ష్మి గారూ, సొంతంగా ఏదీ ఆపొద్దు. రక్తం పలచబరిచే బిళ్ళలు ఆపితే గుండెకే ముప్పు. చాలావరకు ఆపకుండానే పన్ను తీయగలం. వాడే బిళ్ళల పట్టీలన్నీ, గుండె డాక్టర్ రాసిన చీటీ, ఇటీవలి షుగర్ రిపోర్టు సంచిలో వేసుకోండి. పరగడుపున వెళ్ళొద్దు, టిఫిన్ తిని, రోజూ వేసుకునే బిళ్ళలు వేసుకుని వెళ్ళండి.

డ్వాక్రా లీడర్ కంకిపాడు

ఆధార్ కూడా పెట్టుకో లక్ష్మీ. పొద్దున్నే వెళ్ళాలి, ఓపీ చీటీలు పొద్దుటిపూటే రాస్తారు. మేం వచ్చే మంగళవారం మళ్ళీ వెళ్తున్నాం, కొలతలు ఇవ్వాల్సినవాళ్ళు ముగ్గురున్నారు. ఆటోలో చోటుంది. పెనమలూరు వైపు వాళ్ళు ఎవరైనా వస్తామంటే ఇక్కడే రాయండి, దారిలో ఎక్కించుకుంటాం.